తేలిక ఫ్లైవీల్ వేశాక గేరు మార్చిన ప్రతిసారీ జర్క్, తప్పు పనిదా నా కాలిదా?

వీటెక్_ఉప్పల్:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాది 2001 హోండా సిటీ 1.5 వీటెక్, 106 బీహెచ్‌పీది. నాన్న కొన్న బండి, పదిహేనేళ్లుగా నేనే తోలుతున్నాను. రెండు నెలల కిందట క్లచ్ జారడం మొదలైంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు (నిమిషానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) పైకి పోతుంది గానీ బండి పోదు. ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి, మాటిమాటికీ దించే పని కాదు కాబట్టి అదే కూలీలో తేలిక ఫ్లైవీల్ (ఇంజిన్ క్రాంకు షాఫ్టు చివర బిగించే బరువు చక్రం, క్లచ్ దీనికే పడుతుంది) కూడా వేయించేశాను. ఎన్నాళ్లనుంచో మనసులో ఉన్న కోరిక. బయటి దేశం నుంచి తెప్పించిన ఫోర్జ్‌డ్ క్రోమోలీ స్టీలుది. షెడ్డులో కాటా మీద పెట్టి తూచాం, పాతది 7.6 కిలోలు, కొత్తది 4.1. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కొత్తవే, కంపెనీ రకమే.

మొదటి రోజు సంతోషం అంతా ఇంతా కాదు. న్యూట్రల్లో యాక్సిలరేటర్‌ని అలా తాకితే చాలు, ముల్లు లేచి కూర్చుంటోంది.

సమస్య పై గేరుకు మార్చేటప్పుడు వస్తోంది. క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదలగానే ముల్లు బావిలో రాయి వేసినట్టు పడిపోతోంది. నేను గేరు వేసి క్లచ్ వదిలేసరికి బండి ముక్కు కిందికి వంగి అందరం ముందుకు తూలుతున్నాం. వెనక సీట్లో ఉన్న అమ్మ "ఏంట్రా, కొత్తగా నేర్చుకుంటున్నావా" అంది. ఆ మాట బాగా గుచ్చుకుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు అర్థం కానిది ఇంకోటి ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 5000 ఆర్‌పీఎం దాకా లాగి మారిస్తే గేర్లు వెన్నలా పడుతున్నాయి, పాత ఫ్లైవీల్‌తో కూడా ఇంత బాగా పడేవి కావు. ట్రాఫిక్‌లో 2500 దగ్గర నింపాదిగా మారిస్తేనే ఈ జర్క్. నేనైతే ఉల్టా అనుకున్నాను, మెల్లగా పోతే బాగుంటుంది, గట్టిగా లాగితే ఇబ్బంది వస్తుందని. బిగించడంలో ఏదైనా తేడా చేశారా? లేక నేనే వేరేలా తోలాలా? తోలితే ఎలా?

—

కర్నూలు_రవాణా:

ముందు ఇంజిన్ మౌంటింగులు, అంటే ఇంజిన్ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, చూపించండి. ఇరవై ఏళ్లు దాటిన బండి, రబ్బర్లు అప్పడాల్లా అయిపోయి ఉంటాయి. బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎవరినైనా ఫస్ట్ గేరులో క్లచ్ కొద్దికొద్దిగా వదలమని చెప్పి మీరు పక్కన నిలబడి చూడండి, ఇంజిన్ రెండు వేళ్ల మందం కన్నా ఎక్కువ ఊగితే పని అక్కడుంది. ముందు మాత్రం నిలబడకండి. ఫ్లైవీల్ సంగతి తెలిసినవాళ్లు చెబుతారు.

—

ఆటోనగర్_బాక్స్:

తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్లో గేర్‌బాక్స్, క్లచ్ పని చేస్తాను, ఇరవై రెండేళ్లయింది. నువ్వు రాసిన దాన్ని బట్టి బిగింపులో తప్పేమీ కనపడట్లేదు. తప్పు బిగిస్తే 5000 దగ్గర ఇంకా ఘోరంగా ఉండేది, వైబ్రేషన్ వచ్చేది, పెడల్ అదిరేది. 5000 దగ్గర వెన్నలా, 2500 దగ్గర జర్క్ అన్నావు చూడు, జవాబు అందులోనే ఉంది.

గేరు మార్చడమంటే ఇంజిన్ ఒక స్పీడు నుంచి కిందున్న ఇంకో స్పీడుకు దిగాలి. ఎంత దిగాలన్నది పళ్ల లెక్క మీద ఉంటుంది, మన ఇష్టం కాదు. ఉదాహరణకు మొదటి గేరు 3.3, రెండోది 1.8, మూడోది 1.25, నాలుగోది 0.95 అనుకో. 5000 దగ్గర ఒకటి నుంచి రెండుకు వేస్తే ఇంజిన్ 2730 దగ్గరికి రావాలి, అంటే 2270 దిగాలి. అదే 2500 దగ్గర వేస్తే 1365కు వస్తే సరిపోతుంది, దిగాల్సింది 1135 మాత్రమే. మూడు నుంచి నాలుగుకు 2500 దగ్గర వేస్తే 1900కు, అంటే ఆరొందలే. కాబట్టి కింది స్పీడులో, పై గేర్లలో దిగాల్సిన దూరం చాలా తక్కువ. ఇది మనసులో పెట్టుకో.

ఇక ఎంత వేగంగా దిగుతుందన్నది రెండో సంగతి. యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ని ఆపేది దాని లోపలి రాపిడి, మూసుకున్న థ్రాటిల్ (ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలోని తలుపు) గుండా గాలి పీల్చుకునే కష్టం. ఇంత ఇంజిన్‌కు అది 20 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆపే బలం పాతదే, తిరిగే బరువు తగ్గింది, అందుకే తొందరగా ఆగుతోంది. నేను గరుకుగా లెక్కేస్తే పాత ఫ్లైవీల్‌తో సెకనుకు 1500 ఆర్‌పీఎం పడితే కొత్తదానితో 2000 పడుతుంది. ఫ్లైవీల్ బరువు దాదాపు సగమైంది కదా, రెట్టింపు వేగంతో పడాలి కదా అంటావేమో. ఫ్లైవీల్ ఒక్కటే తిరగట్లేదు, క్రాంకు తిరుగుతోంది, దాని మీద క్లచ్ కవరు, ప్రెషర్ ప్లేటు కూడా తిరుగుతున్నాయి, వాటి బరువు అలాగే ఉంది.

ఇప్పుడు రెండూ కలిపి చూడు. నీ చెయ్యి నింపాదిగా గేరు మార్చడానికి 0.8 సెకన్లు పడుతుందనుకుందాం. 2500 దగ్గర ఒకటి నుంచి రెండుకు, పాత ఫ్లైవీల్‌తో ఆ టైములో ఇంజిన్ 1300కు వచ్చేది. కావాల్సింది 1365. అంటే దాదాపు అతికినట్టే. నీకు తెలియకుండానే నీ కాలు, నీ చెయ్యి ఆ పాత చక్రానికి పదిహేనేళ్లు అలవాటు పడ్డాయి. కొత్తదానితో అదే 0.8 సెకన్లలో 900కు పడిపోతోంది. కావాల్సిన దానికన్నా 465 కింద. అక్కడ క్లచ్ వదిలితే చక్రాలు ఇంజిన్ని పైకి లాక్కోవాలి, థ్రాటిల్ కూడా మూసే ఉంది, అందుకే ముక్కు వంగుతోంది.

5000 దగ్గర సంగతి చూడు. అదే 0.8 సెకన్లకు పాతది 3800 దగ్గరుండేది, కావాల్సిన దానికన్నా వెయ్యి పైన. క్లచ్ వదలగానే బండి ఒక తోపు తోసేది, అది మనకు దమ్ములా అనిపిస్తుంది గానీ నిజానికి ఆ తోపు క్లచ్ ప్లేటు అరుగుదల. కొత్తది 3400కు వచ్చేస్తుంది, తేడా తగ్గింది, వెన్నలా పడింది. నువ్వు చూసింది ఉల్టా కాదు, లెక్క ప్రకారమే జరిగింది.

చేయాల్సింది చెబుతాను. ట్రాఫిక్‌లో పై గేరుకు వేసేటప్పుడు కుడికాలు పూర్తిగా ఎత్తకు, బొటనవేలు ఆనించినంత ఉంచు. క్లచ్ పట్టు దొరికే చోటుకు వచ్చేసరికి ఆ వేలు బరువు కొంచెం పెంచు. చెయ్యి కొంచెం తొందరగా కదలాలి, కానీ లీవర్‌ని బాదకు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, తేలిక ఫ్లైవీల్ వేస్తే సింక్రోలకు (గేరు పడేముందు పళ్ల వేగాలను కలిపే రింగులకు) పని తగ్గిపోతుంది, ఇంక గేరు ఎలా కొట్టినా పడుతుందని. క్లచ్ తొక్కాక ఫ్లైవీల్‌కు, గేర్‌బాక్స్‌కు సంబంధమే లేదు. సింక్రో మోసేది క్లచ్ ప్లేటునీ, ఇన్‌పుట్ షాఫ్టునీ, దానికి పట్టి ఉన్న పళ్లనీ. ఫ్లైవీల్ నాలుగు కిలోలున్నా నలభై కిలోలున్నా సింక్రోకు తెలియదు. దానికి కావాల్సిన టైము దానికి ఇవ్వాల్సిందే. పాత హోండా బాక్సుల్లో రెండో గేరు సింక్రో పోయి నా దగ్గరికి వచ్చే బండ్లలో సగం, ఇలా బాది తోలినవే.

కొత్త క్లచ్ ప్లేటు కూడా సర్దుకోవాలి. ఒక ఐదొందల కిలోమీటర్లు ఊళ్లో తిరగనివ్వు, అప్పటిదాకా తీర్పు ఇవ్వకు.

—

రేపల్లె_కుర్రాడు:

ఆటోనగర్ అన్న చెప్పింది చదువుతుంటే మా తాతయ్య ఆయిల్ ఇంజిన్ గుర్తొచ్చింది. పొలంలో నీళ్లు తోడేది, రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు, ఒక్కోటి నా నడుము ఎత్తు ఉండేది. 650 ఆర్‌పీఎం రకం. తాతయ్య డీకంప్రెషన్ లీవర్ (సిలిండరులో గాలి నొక్కుకోకుండా వదిలేసేది) ఎత్తి హ్యాండిల్ పెట్టి తిప్పేవాడు, మొదట కదలదు, భుజం వేసి తిప్పుతుంటే ఆ చక్రాలు మెల్లగా ఊపందుకునేవి, చాలనుకున్నాక లీవర్ పడేసేవాడు, "ధడ్" మని ఒక దెబ్బ, ఆపైన టక్ టక్ టక్. ఆపేశాక కూడా ఎంతసేపో తిరిగేవి, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఇంజినీరింగ్ చదివాక అర్థమైంది. ఒకే సిలిండరు, నాలుగు స్ట్రోకులు, అంటే రెండు చుట్లకు ఒక్కసారే పేలుడు. మిగతా మూడు స్ట్రోకులూ ఆ చక్రాలే మోయాలి. కారుకు నాలుగు సిలిండర్లు, ప్రతి అర చుట్టుకూ ఒక దెబ్బ పడుతుంది కాబట్టి చిన్న చక్రం చాలు. కుమ్మరి సారె కూడా ఇదే, అంచున బరువు పెడతారు. మధ్యలో బరువు పెడితే అంతసేపు తిరగదు. అందుకని ఎన్ని కిలోలు తగ్గాయన్న దానికన్నా ఎక్కడ తగ్గాయన్నది ముఖ్యం. అంచున తీసిన కిలో, సగం దూరంలో తీసిన నాలుగు కిలోలతో సమానం.

ఇంకొకటి, చక్రంలో దాచుకున్న శక్తి స్పీడు వర్గం మీద ఉంటుంది. 5000 దగ్గర ఉన్నదానిలో 2500 దగ్గర నాలుగో వంతే. 750 ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగే స్పీడు) దగ్గర నలభై నాలుగో వంతు. కాబట్టి మీకు ఐడిల్లో, బండి కదిలించేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ తెలియాలి. ఏసీ వేస్తే ఎలా ఉంది?

—

వీటెక్_ఉప్పల్:

అన్నా, చేతులెత్తి దండం. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

రేపల్లె బ్రో, సరిగ్గా పట్టుకున్నారు. ఏసీ కంప్రెసర్ పట్టిన క్షణంలో ముల్లు ఒక్కసారి 550కి దిగి మళ్లీ లేస్తోంది. సిగ్నల్ దగ్గర ఇప్పటికి రెండుసార్లు ఆగిపోయింది. ఇంకోటి, న్యూట్రల్లో పెడితే బాక్స్ లోంచి గలగలమని ఒక శబ్దం, గోళీలు డబ్బాలో వేసి ఊపినట్టు. క్లచ్ తొక్కితే ఆగిపోతోంది. బేరింగ్ పోయిందా అని టెన్షన్‌గా ఉంది.

—

ఆటోనగర్_బాక్స్:

గలగల గురించి భయపడకు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఐడిల్లో సమంగా తిరగదు, ప్రతి దెబ్బకూ కొంచెం ముందుకు దూకి, దెబ్బకూ దెబ్బకూ మధ్య కొంచెం తగ్గుతుంది. బరువు చక్రం ఆ ఎగుడుదిగుళ్లను మింగేది. ఇప్పుడవి నేరుగా ఇన్‌పుట్ షాఫ్టుకు పోతున్నాయి, లోడు లేని పళ్లు ఒకదాన్నొకటి తట్టుకుంటున్నాయి. క్లచ్ తొక్కితే ఆ షాఫ్టుకు కుదుపు అందదు, అందుకే ఆగుతోంది. బేరింగ్ పోతే గలగల కాదు, గీ... మని గుర్రుమంటుంది, స్పీడుతో పాటు పెరుగుతుంది. ఆ తేడా చెవికి అలవాటు చేసుకో.

ఐడిల్‌కు ముందు థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు శుభ్రం చేయించు. మసి పట్టి ఉంటే ఏసీ లోడును వాల్వు సమయానికి అందుకోలేదు. పాత ఫ్లైవీల్ ఆ ఆలస్యాన్ని కప్పిపుచ్చింది, కొత్తది కప్పట్లేదు, అంతే. ఆ తర్వాత ఐడిల్ స్క్రూతో ఒక 80, 100 ఆర్‌పీఎం పెంచితే చాలు.

—

డాలస్_మియాటా:

నేను అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాను, 1.6 ఇంజిన్ మాజ్దా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) ఉంది, మొదటి తరానిది. తేలిక ఫ్లైవీల్ వేసి ఆరేళ్లయింది. పై గేర్ల సంగతి అన్న చెప్పేశారు కాబట్టి కింది గేర్ల గురించి రాస్తాను, ఎందుకంటే నాకైతే ఆ పని అంతా చేసినందుకు దక్కిన సుఖం అక్కడే ఉంది.

వీకెండ్లలో పార్కింగ్ లాట్లో కోన్లు పెట్టి ఆటోక్రాస్ నడుపుతారు, అక్కడికి వెళ్తుంటాను. మలుపు ముందు బ్రేకు కొడుతూ మూడు నుంచి రెండుకు దింపాలి. అప్పుడు ఇంజిన్ పైకి లేవాలి. బ్రేకు మీద కాలి ముందు భాగం ఉంచి మడమతోనో, పాదం పక్క అంచుతోనో యాక్సిలరేటర్‌ని ఒక తట్టు తట్టాలి. పాత ఫ్లైవీల్‌తో ఆ తట్టు కొంచెం లోతుగా, కొంచెం ముందుగా ఇవ్వాలి, ఇంజిన్ బద్ధకంగా లేచేది, లేచాక కాసేపు అక్కడే ఉండేది. కొత్తదానితో అడిగితే పలికినట్టు లేస్తుంది. కానీ ఉండదు. లేచినంత తొందరగా దిగిపోతుంది. తట్టి, ఆ తర్వాత గేరు వేసి, ఆ తర్వాత క్లచ్ వదులుదామనుకుంటే అప్పటికి కిందికి వచ్చేసి ఉంటుంది. తట్టడం, క్లచ్ వదలడం ఒకే ఊపిరిలో జరగాలి. నాకు ఆ లయ దొరకడానికి మూడు నెలలు పట్టింది, రోజూ ఆఫీసుకు పోయేటప్పుడు ఖాళీ రోడ్డు మీద ప్రాక్టీసు చేశాను. దొరికిన రోజు సాయంత్రం ఇంటికి పోబుద్ధి కాలేదు, ఇంకో పది మైళ్లు ఊరికే తిరిగి వచ్చాను.

ఈ దారిలో చివరిదాకా వెళ్లిన కార్లు కొన్ని ఉన్నాయి. లెక్సస్ ఎల్‌ఎఫ్ఏ వీ10 ఇంజిన్ ఐడిల్ నుంచి 9000 ఆర్‌పీఎంకు 0.6 సెకన్లలో లేస్తుందని కంపెనీ చెప్పింది, మామూలు ముల్లు అంత వేగంగా కదల్లేదని డిజిటల్ మీటరు పెట్టారు. పోర్షె కరేరా జీటీకి చిన్న సిరామిక్ క్లచ్, తిరిగే బరువు చాలా తక్కువ, దాన్ని కదిలించేటప్పుడు ఇంజిన్ ఆగిపోనివ్వని డ్రైవరు అరుదు. గ్యాస్ ఇవ్వకుండా, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, క్లచ్ మాత్రమే మెల్లగా వదలమని తెలిసినవాళ్లు చెబుతారు. అది మీకూ పనికొస్తుంది తమ్ముడూ, సమతలం మీద ప్రయత్నించండి, క్లచ్ పట్టు ఎక్కడ దొరుకుతుందో కాలికి బాగా తెలుస్తుంది.

కొత్త కార్లున్నవాళ్లకు ఒక మాట. ఇప్పటి బండ్లలో యాక్సిలరేటర్ కేబుల్ లేదు, థ్రాటిల్ ఈసీయూ (ఇంజిన్ని నడిపే కంప్యూటరు) చేతిలో ఉంటుంది. పొగ కాలుష్యం తగ్గించడం కోసం మీరు కాలు తీసినా అది థ్రాటిల్‌ని వెంటనే మూయదు, ముల్లు కాసేపు పైనే వేలాడుతుంది. దానికి ఫ్లైవీల్ మారిస్తే కొంతే తగ్గుతుంది, మిగతాది సాఫ్ట్‌వేర్లో ఉంది. పైగా ఈసీయూ క్రాంకు వేగంలో ఎగుడుదిగుళ్లు చూసే మిస్‌ఫైర్ (సిలిండరులో పేలుడు సరిగా జరగకపోవడం) కనిపెడుతుంది, చక్రం తేలికైతే ఆ ఎగుడుదిగుళ్లు పెరిగి లేని మిస్‌ఫైర్‌కు చెక్ ఇంజిన్ లైటు వెలిగే బండ్లున్నాయి. పాత కేబుల్ బండి ఈ విషయంలో హాయి.

—

బుల్లెట్_అనకాపల్లి:

నాకు కార్ల గురించి అంత తెలియదు గానీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, కేటీఎం డ్యూక్ 390 రెండూ నడిపినవాడికి ఈ చర్చ వెంటనే తెలుస్తుంది. బుల్లెట్ క్రాంకు బరువు, గేరు మార్చి నిదానంగా క్లచ్ వదిలినా ఏమీ అనదు. డ్యూక్ మీద అలా చేస్తే నెత్తి మీద మొట్టినట్టు ఒక జర్క్. అనంతగిరి ఘాట్‌లో అరకు ఎక్కేటప్పుడు, ముందు లారీ ఆగి మళ్లీ కదిలే చోట, నాకు బుల్లెట్టే కావాలి.

—

వరంగల్_సర్వీస్:

బ్రదర్స్, నాదొక డౌట్. మా దగ్గర లేత్ షాపులో ఉన్న ఫ్లైవీలే చెక్కి మూడు కిలోలు తగ్గిస్తామంటున్నారు. కొత్తది కొనే ఖర్చులో పదో వంతు కూడా కాదు. ఒక డీజిల్ కారు, ఒక పెట్రోలు కారు ఉన్నాయి, రెంటికీ చేయిస్తే?

—

ఆటోనగర్_బాక్స్:

డీజిల్‌కు వద్దే వద్దు. డీజిల్ దెబ్బ పెట్రోలు దెబ్బ కన్నా చాలా గట్టిది, ఆ కుదుపు మింగడానికే చాలా డీజిల్ కార్లలో రెండు ముక్కల ఫ్లైవీల్ పెడతారు, మధ్యలో స్ప్రింగులుంటాయి. దాన్ని తీసి తేలికది వేస్తే ఐడిల్లో బాక్స్ రాళ్ల మిల్లులా మోగుతుంది, ఆ కుదుపంతా షాఫ్టులు, పళ్లు మోయాలి. అది చెక్కే వస్తువు కూడా కాదు.

పెట్రోలు కారు గురించి కూడా నా మాట విను, ఇది ఖర్చు సంగతి కాదు. కంపెనీ ఫ్లైవీళ్లు చాలా వరకు పోత ఇనుము. పోత ఇనుము నొక్కితే నిలుస్తుంది, లాగితే తట్టుకోదు. చక్రం తిరిగేటప్పుడు అంచు బయటికి పోవాలని లాగుతుంటుంది, స్పీడు రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలు. దానికి తోడు క్లచ్ వేడి. పాత ఫ్లైవీళ్లు దించినప్పుడు చూస్తుంటాను, ప్లేటు రాసుకునే ముఖం మీద నీలం మచ్చలు, ఆ మచ్చల్లో వెంట్రుకంత పగుళ్లు, వేలుగోరుతో గీస్తే తగులుతాయి. అలాంటి దాన్ని వెనక నుంచి చెక్కి పల్చన చేస్తే ఏదో ఒకరోజు ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర విడిపోతుంది. అది ఉండే చోటు ఎక్కడో ఆలోచించు, నీ పాదాలకు జానెడు దూరంలో. చుట్టూ ఉండే అల్యూమినియం డొప్ప (బెల్ హౌసింగ్) దాన్ని ఆపదు. అందుకే రేసుల వాళ్లు రేసు భాగాల భద్రతకు పెట్టిన ఎస్ఎఫ్ఐ 1.1 లాంటి ప్రమాణం ఉన్నదే వేయమంటారు. స్టీలుదైతే ఒకే దిమ్మ నుంచో ఫోర్జింగ్ నుంచో చేసినది, అల్యూమినియందైతే ప్లేటు రాసుకునే చోట స్టీలు ముఖం ఉన్నది. ఏదైనా సరే బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించొద్దు. నా షాపులో చెక్కిన పోత ఇనుము ఫ్లైవీల్ తెస్తే నేను బిగించను, గిరాకీ పోయినా సరే.

—

రేపల్లె_కుర్రాడు:

నేను ఒక లెక్క వేశాను, వీటెక్ బ్రోకు పనికొస్తుందని. తేలిక ఫ్లైవీల్ వేస్తే బండి ఎంత బరువు తగ్గినట్టు అనిపిస్తుంది? 3.5 కిలోలు చక్రం కేంద్రానికి సగటున పది సెంటీమీటర్ల దూరం నుంచి తీశారనుకున్నాను, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకు పోయే చివరి పళ్ల నిష్పత్తి) 4.3, టైరు వ్యాసార్ధం 28 సెంటీమీటర్లు, గేర్లు అన్న చెప్పినవే. మొదటి గేరులో పోతుంటే బండి మీదినుంచి 90 కిలోలు దించినట్టు. రెండో గేరులో 27 కిలోలు. మూడో గేరులో 13. ఐదో గేరు 0.75 అనుకుంటే నాలుగున్నర కిలోలు. గేరు నిష్పత్తి వర్గం మీద పోతుంది కాబట్టి ఇంత తేడా. మొదటి గేరులో ఒక మనిషి దిగిపోయినట్టు, ఐదో గేరులో ఒక పెద్ద నీళ్ల సీసా దింపినట్టు. ఇంజిన్ పవర్ మాత్రం 106 ఉంటే 106 గానే ఉంటుంది, స్పీడు పెరిగేటప్పుడు చక్రాన్ని తిప్పడానికి పోయే వాటా తగ్గుతుందంతే.

—

వీటెక్_ఉప్పల్:

మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, మధ్యలో అడిగినవాళ్లకు జవాబివ్వనందుకు ఏమీ అనుకోకండి.

ముందు కర్నూలు అన్న చెప్పిన పరీక్ష చేశాను. వెనక మౌంటింగ్ రబ్బరు ఒక పక్క పూర్తిగా ఊడిపోయింది, వేలు దూరేంత సందు. అది, ముందుది మార్పించాను. జర్క్ సగం అక్కడే పోయింది. ఇంజిన్ ముందూ వెనకా ఊగి ప్రతి చిన్న తేడానీ పెద్దది చేస్తోందన్నమాట.

తర్వాత ఫోన్‌ని డ్యాష్‌బోర్డు ముందు పెట్టి మీటరు వీడియో తీశాను. క్లచ్ మార్చక ముందు ఊరికే తీసిన పాత వీడియో ఒకటి దొరికింది, న్యూట్రల్లో ఇంజిన్ రేజ్ చేసి వదిలినది. రెండూ ఫ్రేము ఫ్రేముగా చూశాను. 4000 నుంచి 2000కు రావడానికి పాతదానికి సెకనున్నర కన్నా కొంచెం తక్కువ, ఇప్పుడు ఒక సెకను మీద కొంచెం. ఆటోనగర్ అన్న కాగితం మీద చెప్పిన లెక్కకు ఇంత దగ్గరగా రావడం చూసి ఒళ్లు పులకరించింది.

తోలడం గురించి. బొటనవేలు ఆనించి ఉంచమన్నారు కదా, మొదటి నాలుగు రోజులు అది ఎక్కువైపోయి క్లచ్ తొక్కగానే ఇంజిన్ గట్టిగా అరిచేది, పక్క బండివాళ్లు తిరిగి చూసేవాళ్లు. తర్వాత తెలిసింది, వేలు నొక్కడం కాదు, వేలు ఎత్తకపోవడం. ఇప్పుడు రెండు నుంచి మూడు బాగా పడుతోంది. మూడు నుంచి నాలుగే ఇంకా అప్పుడప్పుడూ తప్పుతోంది, ఆరొందలే దిగాలి అన్నారు కదా, అక్కడ టైము నిజంగానే చాలా తక్కువ. దానికి నేను చేస్తున్నది ఏంటంటే ట్రాఫిక్‌లో నాలుగో గేరు 2500 దగ్గర కాకుండా 3000 దగ్గర వేస్తున్నాను, దిగాల్సిన దూరం కొంచెం పెరుగుతుంది, చేతికి ఆ మేరకు వెసులుబాటు దొరుకుతోంది. ఇది సరైన పద్ధతేనా అన్నా?

థ్రాటిల్ బాడీ కడిగించాను, ఐడిల్ 850కి పెట్టాం, ఏసీ వేసినా ఆగట్లేదు. గలగల మాత్రం ఉంది, దానికి అలవాటు పడ్డాను. డాలస్ అన్న చెప్పినట్టు గ్యాస్ లేకుండా క్లచ్ మీద కదిలించడం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో రోజూ పది నిమిషాలు చేస్తున్నాను. సెల్లార్ ర్యాంపు మీద మాత్రం ఇంకా హ్యాండ్ బ్రేకు సాయం కావాలి.

నిన్న అమ్మను ఉప్పల్ నుంచి యాదగిరిగుట్టకు తీసుకెళ్లాను. ఘట్‌కేసర్ దాటాక నిద్రపోయింది, గుట్ట కింద లేపేదాకా లేవలేదు.

పాత ఫ్లైవీల్‌కు గ్రీసు రాసి గోనె సంచిలో చుట్టి అటక మీద పెట్టాను, దాని ముఖం మీద కూడా నీలం మచ్చలున్నాయి, ఫొటో పెడతాను, పగుళ్లున్నాయేమో ఆటోనగర్ అన్న చూసి చెప్పాలి.

—

ఆటోనగర్_బాక్స్:

3000 దగ్గర వేయడం సరైనదే, అలాగే కానివ్వు. ఫొటో కన్నా నువ్వే గోరుతో గీసి చూడు, అడ్డంగా తగిలితే పగులే. మచ్చ మాత్రమే అయితే ముఖం కొద్దిగా సాపు చేయిస్తే మళ్లీ పనికొస్తుంది, పారేయకు.